తూముకి అడ్డం పడ్డ నాచు

ప్రతి ఏడూ ఈ సంచికలో మా తరగతి తరఫున పొడుపు కథలో, పిల్లలు రాసిన చిన్న చిన్న వ్యాసాలో ఇస్తూ వస్తున్నాం. ఈసారి మా చేపల తొట్టె గురించి రాస్తున్నాం. ఇదేమిటి, తెలుగు బడి సంచికలో చేపల తొట్టె సంగతేమిటని అనుకోవచ్చు. చదవండి, తెలుగు కూడా వస్తుంది.

మా తరగతి జరిగేది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. బల్లలకి పక్కగా ఇరవై గ్యాలన్ల చేపల తొట్టె ఉంది. అందులో ఆరు జీబ్రా డానియోలు, అయిదు గప్పీలు ఉండేవి. జీబ్రా డానియో మన దేశపు చేపే. గంగానది ప్రాంతపు చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో రాసిన పుస్తకంతో శాస్త్రలోకానికి పరిచయమయింది. ప్లాస్టిక్ మొక్కలు బాగుండవని పిల్లలు పట్టుబడితే నిజం మొక్కలే పెట్టాం. రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే వాలిస్నేరియా, గుబురుగా ఉండే అనాకరిస్, సూదుల్లాంటి సన్నని ఆకుల హార్న్‌వర్ట్. అవి బాగా పెరిగాయి. మరీ బాగా పెరిగాయి.

డిసెంబరు సెలవులకి ముందు వారం కత్తెర పట్టుకుని మొక్కల్ని కత్తిరించాం. పైకి తేలిన పెద్ద ముక్కల్ని ఏరేశాం, చిన్నవి వదిలేశాం. చేపలకి రోజూ ఇంత తిండి పడేసే డబ్బా ఒకటి తొట్టె మీద బిగించి, మూడు వారాలకి ఇండియా వెళ్ళాం. తిరిగొచ్చి మెట్లు దిగుతుంటే మోటారు చప్పుడు వినిపించింది. అమ్మయ్య, ఫిల్టరు నడుస్తోంది అనుకున్నాం. దగ్గరికెళ్ళి చూస్తే మోటారు తిరుగుతోందే గాని నీళ్ళు పడటం లేదు. నీళ్ళు పీల్చే గొట్టం చివరన ఆకులూ సూదులూ కలిసి జడకుచ్చులా చుట్టుకుపోయాయి. మిగిలిన చేపలు నీటి మీదకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పదకొండింటిలో నాలుగు చచ్చిపోయాయి. వాటిలో పిల్లలు 'నెమలి' అని పేరు పెట్టుకున్న పెద్ద తోక గప్పీ కూడా ఉంది.

తర్వాత వారం బడికి వచ్చిన పిల్లలకి ఈ సంగతి చెప్పక తప్పలేదు. ఏడుపులు సద్దుమణిగాక ఒక పాప అడిగింది: "తిండి ఉంది, నీళ్ళున్నాయి, హీటర్ ఉంది. మరి ఎందుకు చచ్చిపోయాయి?"

నిజమే, మంచి ప్రశ్న. ఫిల్టరు అంటే చెత్త పట్టే జల్లెడ అని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. అది చేసే పెద్ద పని వేరే ఉంది. చేపల మొప్పల నుంచీ, మలం నుంచీ, మిగిలిపోయిన తిండి నుంచీ నీటిలోకి అమ్మోనియా వస్తుంది. అది చేపలకి విషం. ఫిల్టరు లోపలి స్పాంజి మీద కాపురముండే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కాస్త ఎక్కువున్నా చేపలు తట్టుకుంటాయి, పైగా మొక్కలకి ఎరువు. ఈ బాక్టీరియాకి ఊపిరి ఆడాలంటే నీళ్ళు పారుతూ ఉండాలి. పారకం ఆగిపోతే కొద్ది గంటల్లోనే లోపల ఆక్సిజన్ అయిపోయి అవి చావడం మొదలెడతాయి. రెండో నష్టం, ఫిల్టరు నుంచి నీళ్ళు ధారగా పడుతూ పై నీటిని కదిలిస్తేనే గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి బాగా కలుస్తుంది. అదీ ఆగిపోయింది. మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి కదా అంటారేమో! పగలు ఇస్తాయి. దీపం ఆరిపోయాక చేపలతో పాటు అవి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. ఇక మా తిండి డబ్బా పాపం తన పని తాను చేసుకుపోయింది. తినేవాళ్ళు తగ్గినా రోజూ అంతే వేసింది. ఆ తిండి కుళ్ళి మరింత అమ్మోనియా అయింది.

ఆ రోజు మా విద్యార్థి ఒకరి తాతగారు కూడా తరగతికి వచ్చారు. ఆరు నెలల వీసా మీద కూతురి దగ్గరికి వచ్చిన ఆయన చలికి ఇల్లు కదలలేక, కనీసం తెలుగు మాటలైనా వినిపిస్తాయని మనవడితో బడికి వస్తుండేవారు. వెనక కుర్చీలో కూర్చుని మా పాఠమంతా విన్నారు. మేము 'ఇన్‌టేక్' అనే మాటకి తెలుగేమిటని తడుముకుంటూ ఉంటే ఆయనే అన్నారు.

"తూము అనరాదుటండీ? చెరువుకి తూమెలాగో ఈ తొట్టెకి ఇది అలాగ. తూముకి నాచు అడ్డం పడింది, అంతే."

తూమంటే ఏమిటో పిల్లలకి తెలియదు. ఆయన లేచి బోర్డు మీద చెరువు కట్ట గీశారు. కట్ట అడుగున నీళ్ళు బయటికి పోయే దారి గీశారు. అదే తూము. అది తెరిస్తే నీళ్ళు కాలువలోకి, కాలువలోంచి పొలాల్లోకి పోతాయి. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువు తూముకి నాచు పడితే కింద పొలాలకి నీళ్ళు సన్నగిల్లేవట. రైతులంతా పోగై తీసేవారట. అప్పుడు మనవడు అడిగాడు, "తాతా, మరి నాచు రాకుండా ఏం చేసేవాళ్ళు?"

"తడిక కట్టేవాళ్ళంరా. వెదురు తడిక. చేపలు పోకుండానూ, నాచు పడకుండానూ. అయితే తూము మూతికి ఆనించి కట్టకూడదు. అక్కడ నీటి లాగుడు ఎక్కువ, ఇంత నాచు పడగానే మూసుకుపోతుంది. కాస్త ఎడంగా, చుట్టూ వెడల్పుగా కట్టాలి."

మొత్తం పాఠం ఆ మాటలో ఉంది. మా ఫిల్టరు తూముకీ ఒక తడిక ఉంది, ప్లాస్టిక్‌ది, సన్నని గాడులున్న చిన్న బుట్ట. కానీ అది తాతగారు వద్దన్నట్టే సరిగ్గా మూతికి ఆనుకుని ఉంది.

లెక్క వేసి చూద్దాం అన్నారు పెద్ద పిల్లలు. మా ఫిల్టరు మీద గంటకి 150 గ్యాలన్లు అని రాసి ఉంది. గ్యాలన్‌కి 231 ఘనపు అంగుళాలు. హెచ్చవేస్తే గంటకి 34,650 ఘనపు అంగుళాలు. 3,600తో భాగిస్తే సెకనుకి దాదాపు 9.6. బుట్ట గాడులన్నీ కలిపి కొలిస్తే ఇంచుమించు ఒక చదరపు అంగుళం వచ్చింది. అంటే నీళ్ళు ఆ గాడుల్లోకి సెకనుకి తొమ్మిదిన్నర అంగుళాల పైచిలుకు వేగంతో దూసుకుపోతున్నాయన్నమాట. ఆ దగ్గరికి పోయిన ఆకు ఇంక వెనక్కి రాదు. ఒక ఆకు అంటుకుంటే తెరిచున్న జాగా తగ్గుతుంది, మిగిలిన జాగాలో లాగుడు ఇంకా పెరుగుతుంది, ఇంకో ఆకు వస్తుంది. వంటింటి సింకులో ఒక కరివేపాకు రెబ్బ అడ్డం పడితే కాసేపటికే సింకు నిండిపోవడం అందరం చూసిందే.

ఇప్పుడు ఆ గొట్టం చివరకి రెండు అంగుళాల అడ్డుకొలత, మూడు అంగుళాల పొడవు ఉన్న గుండ్రటి స్పాంజి తొడిగామనుకోండి. చుట్టుకొలతని పొడవుతో హెచ్చవేస్తే దాని పక్క వైశాల్యం దాదాపు 19 చదరపు అంగుళాలు. అవే నీళ్ళు, అదే మోటారు. కానీ స్పాంజి ముఖం దగ్గర వేగం సెకనుకి అర అంగుళమే. స్పాంజి అంతా రంధ్రాలే కాదు గనక అసలు వేగం ఇంకొంచెం ఎక్కువుంటుంది. అయినా ఆకుని పట్టి ఉంచేంత లాగుడు ఉండదు. తాతగారు లెక్క వేయకుండా చెప్పింది ఇదే.

కాబట్టి ఇంట్లో మొక్కల తొట్టె ఉన్నవారు ముందుగా చేయవలసింది ఈ స్పాంజి తొడగడం. పెద్ద ఖర్చేమీ కాదు. పెంపుడు జంతువుల దుకాణంలో గొట్టానికి సరిపోయే బెజ్జంతో దొరుకుతుంది. దాని రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. సన్నని రంధ్రాల స్పాంజి రెండు రోజుల్లో బంకపట్టి అదే అడ్డం అవుతుంది. గప్పీలు పిల్లల్ని పెట్టే ఇళ్ళలో దీనివల్ల ఇంకో లాభం, చేపపిల్లలు గొట్టంలోకి పోవు. పాత మేజోడు చుట్టడం మేమూ చేసి చూశాం. నాలుగు రోజులు బాగానే ఉంది, తర్వాత జిగటపట్టి మూసుకుపోయింది. మా సలహా, దాని జోలికి పోకండి.

స్పాంజి తొడిగితే పని అయిపోలేదు. వారానికి ఒకసారి తీసి పిండాలి. పిండేది కుళాయి నీళ్ళ కింద కాదు. మన ఊళ్ళ కుళాయి నీటిలో క్లోరినో, క్లోరమినో ఉంటుంది, అది బాక్టీరియాని చంపుతుంది. తొట్టెలోంచి ఒక బకెట్ నీళ్ళు తీసి అందులో పిండాలి. బకెట్‌లో నీళ్ళు మట్టి రంగుకి తిరిగితే భయపడనక్కర్లేదు. అది మొక్కలకి బలం, ఇంట్లో కుండీలకి పోయవచ్చు.

మొక్కల్ని కత్తిరించేటప్పుడు ముందుగా ఫిల్టరు ప్లగ్గు పీకాలి. "తూము మూశాకే చెయ్యి పెట్టాలి" అని తాతగారు కూడా అన్నారు. ఆయన చెప్పింది చేతి కోసం, మేము చెప్పేది కరెంటు కోసం కూడా. కత్తిరించిన ముక్కల్ని చిన్న వలతో ఒక్కటి మిగలకుండా తీసేయాలి. మేము తప్పు చేసింది ఇక్కడే. హార్న్‌వర్ట్ అయితే కదిలిస్తే చాలు సూదులు రాలుస్తుంది. దాన్ని గొట్టానికి వీలైనంత దూరంగా ఉంచాలి, లేదా పెట్టడమే మానుకోవాలి. వాలిస్నేరియా ఆకులు నీటి పారకం ఎటుంటే అటు వాలుతాయి. అందుకని దాన్ని తూముకి ఎదురు మూలన నాటాలి. నీటి మీద తేలే మొక్కలు కావాలనుకుంటే గాలి పంపుకి వాడే సన్నని గొట్టాన్ని ఉంగరంలా చుట్టి నీటి మీద వదిలితే వాటిలో చాలావరకు ఆ గిరిలోనే ఉండిపోతాయి. పని అయ్యాక ప్లగ్గు మళ్ళీ పెట్టడం మరిచిపోకండి! నవ్వకండి, చాలా తొట్టెలు అలాగే పోతాయి. మా పిల్లలు ఇప్పుడు కారు తాళాలు ఫిల్టరు ప్లగ్గు పక్కన పెట్టిస్తారు. ప్లగ్గు పెడితేగానీ తాళాలు ఇవ్వరు.

మోటారు శబ్దాన్ని నమ్మకండి. నీటి ధారని చూడండి. ధార సన్నబడిందంటే తూము దగ్గర ఏదో పడిందని అర్థం. స్పాంజి పిండినా ధార పెరగకపోతే మోటారు లోపలి చిన్న చక్రానికి నాచు పోగులు చుట్టుకుని ఉంటాయి. ప్లగ్గు తీసి, ఆ చక్రాన్ని బయటికి లాగి, పాత పళ్ళ కుంచెతో తోమితే సరిపోతుంది.

ఇక అసలు కథ. బోర్డు దగ్గర పాఠం అయ్యాక తాతగారు తొట్టెలోకి తొంగిచూసి, అనాకరిస్‌ని చూపిస్తూ, "ఇది మా చెరువు నాచే" అన్నారు. పిల్లలకి భలే ఆశ్చర్యం వేసింది. పుస్తకాలు తిరగేసి చూశాం. మన చెరువుల్లో నాచు అని పిలుచుకునే మొక్కల్లో ఒకదాని శాస్త్రనామం హైడ్రిల్లా. అది అనాకరిస్‌కి దగ్గర చుట్టమే గాని అదే కాదు. అనాకరిస్ కాడ మీద ఒక్కో కణుపు దగ్గర మామూలుగా నాలుగు ఆకులుంటాయి. హైడ్రిల్లాకి తరచుగా అయిదు, ఒక్కోసారి ఎనిమిది దాకా కూడా ఉంటాయి, ఆకు అంచు వేలికి గరుకుగా తగులుతుంది. పిల్లలు భూతద్దం పెట్టి ఎంచారు. నాలుగే. తాతగారు కాస్త నిరాశపడ్డారు.

కానీ హైడ్రిల్లా ఈ దేశంలో లేదనుకోకండి. 1950లలో చేపల తొట్టెల వ్యాపారం వాళ్ళు దాన్ని అందమైన మొక్కగా శ్రీలంక నుంచి ఫ్లారిడాకి తెప్పించారు. తొట్టెల్లోంచి కాలువల్లో పడింది. 1960 నాటికి మయామి దగ్గర ఒక కాలువలోనూ, క్రిస్టల్ రివర్‌లోనూ పెరుగుతూ కనిపించింది. తర్వాత దక్షిణాది రాష్ట్రాల చెరువుల్నీ సరస్సుల్నీ కమ్ముకుంది. 1990లలో శాస్త్రజ్ఞులు ప్రపంచంలో వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన హైడ్రిల్లాల జన్యువుల్ని పోల్చి చూస్తే, ఇక్కడి దక్షిణాది రకం మన బెంగళూరు నుంచి తెచ్చిన మొక్కకి బాగా దగ్గరగా ఉందని తేలింది.

మా తొట్టెకి జరిగింది 1991లో సౌత్ కెరోలినాలో పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ మౌల్ట్రీ సరస్సు నీళ్ళతో నడిచే సెయింట్ స్టీఫెన్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. సరస్సు నిండా పెరిగిన హైడ్రిల్లా చాపలు చాపలుగా ఊడి, కొట్టుకొచ్చి, నీళ్ళు పీల్చే తూముల ముందున్న ఇనప కడ్డీల తడికలకి పడింది. కరెంటు కేంద్రం కొన్ని వారాల పాటు ఆగిపోయింది. బాగుచేయడానికి లక్షల డాలర్లయ్యాయి. చేపలు కూడా చచ్చిపోయాయి. ఆ సరస్సుల్లోకి లక్షల సంఖ్యలో గడ్డిచేపల్ని, పిల్లలు పెట్టని రకాన్ని, వదిలి ఆ నాచుని మేపారు. గడ్డిచేప మన ఆంధ్ర చేపల చెరువుల వాళ్ళకి బాగా తెలిసిన చేపే.

ఇది విని ఒక కుర్రాడు అడిగాడు: "అయితే ఆ మొక్క కూడా మనలాగే అటు నుంచే వచ్చిందా? మరి దాన్ని చెడ్డది అంటారెందుకు?"

మాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. మొక్కలో చెడ్డతనం ఏమీ లేదు. మన చెరువుల్లో దాన్ని తినే పురుగులున్నాయి, వేసవిలో చాలా చెరువులు ఎండుతాయి, అందుకని అక్కడ దానికి ఒక హద్దు ఉంది. ఇక్కడ ఆ హద్దు లేదు. వేలెడంత ముక్కలో ఒక కణుపు ఉంటే చాలు, అది మళ్ళీ మొక్కవుతుంది. మనుషుల సంగతి వేరు నాన్నా, మనుషులకి హద్దు తెలుసుకునే బుద్ధి ఉంటుంది అన్నాం. వాడు పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. అటు నుంచి ఇటు వచ్చినట్టే ఇటు నుంచి అటు వెళ్ళినవీ ఉన్నాయి కదా అని తాతగారు గుర్రపుడెక్కని గుర్తుచేశారు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్క మన కృష్ణా డెల్టా కాలువల్లో చేస్తున్న అల్లరి అక్కడి వారందరికీ తెలుసు. ఈ దేశంలోనూ ఫ్లారిడా, లూసియానా నదుల్లో పడవలకి దారి లేకుండా చేస్తే, దాన్ని తీయించే పని 1899లో కాంగ్రెస్ సైనిక ఇంజినీర్లకి అప్పగించింది.

హైడ్రిల్లా ఇప్పుడు ఫెడరల్ ప్రభుత్వపు హానికరమైన కలుపు మొక్కల జాబితాలో ఉంది. మేముండే ఈశాన్య రాష్ట్రాలకి చలి వల్ల రాదనుకోవడానికి లేదు. కనెక్టికట్ నదిలో 2016లో ఒక కొత్త రకం కనిపించింది. దుకాణాల్లో అమ్మే అనాకరిస్‌ని కూడా కొన్ని రాష్ట్రాల్లో అమ్మకూడదు. కొనేముందు మీ రాష్ట్రంలో నిబంధన ఏమిటో చూసుకోండి.

ఇది ఎందుకింత వివరంగా చెబుతున్నామంటే, ఆ జనవరి ఆదివారం మేము కత్తిరించిన మొక్కలు ఒక బకెట్‌ నిండా ఉన్నాయి. చెత్తబుట్టలో వేయడానికి పిల్లలకి మనసొప్పలేదు. ఇంటి వెనకే చెరువుంది, అందులో వదిలితే బతుకుతాయి కదా అన్నారు. మాకూ సబబుగానే తోచింది. ప్రాణమున్నదాన్ని చెత్తలో వేయడమేమిటని బకెట్ పట్టుకుని తలుపు దాకా వెళ్ళాం కూడా. మంచు పడుతోంది కదా, వచ్చే వారం చూద్దాంలే అని ఆగాం. వచ్చే వారానికి ఈ హైడ్రిల్లా కథ చదివాం.

మొక్కలే కాదు, వాటికి అంటుకుని ఏముంటుందో తెలియదు. 2021 మార్చిలో ఈ దేశపు పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే నాచు ఉండలకి జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు అంటుకుని ఉన్నట్టు బయటపడింది. సియాటిల్‌లో ఒక దుకాణంలో పనిచేసే మనిషి గమనించి చెప్పడంతో అన్ని చోట్లా వెతికారు. ఆ ఆల్చిప్ప గోరంత ఉంటుంది గాని, 1989లో మిషిగన్‌లోని మన్రో పట్టణపు నీటి సరఫరా తూములో గుంపులుగా చేరి ఊరికి నీళ్ళు లేకుండా చేసింది.

మరి ఆ బకెట్ ఏమయిందంటే, నీళ్ళు వంపేసి, మొక్కల్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత చెత్తలో వేశాం. ఎండబెట్టి వేసినా సరే. ఎండబెట్టేటప్పుడు వాననీటి కాలువ దగ్గర మాత్రం పెట్టకండి. మురుగులోకీ, తోట గుంటలోకీ, వాగులోకీ వద్దు. చేపల్ని పెంచడం కుదరకపోయినా ఇదే మాట. దుకాణం వాళ్ళనో, ఇంకో తొట్టె ఉన్నవారినో అడగండి. చెరువులో వదలకండి.

మార్చిలో తాతగారు తిరుగు ప్రయాణమయ్యారు. వెళ్ళేముందు పిల్లలు తొట్టె మీద ఆయన చేత ఒక కాగితం రాయించి అంటించారు. దాని మీద ఉన్నవి మూడు మాటలు: తూము, తడిక, ధార. దాని కింద ఆదివారాల గళ్ళు గీసి ఉన్నాయి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు స్పాంజి పిండి, ధార చూసి, గడిలో తెలుగులో సంతకం పెట్టాలి. ఇప్పటికి పంతొమ్మిది సంతకాలయ్యాయి. ఏడు చేపలూ బాగున్నాయి, ఏప్రిల్‌లో గప్పీలు పిల్లల్ని కూడా పెట్టాయి. వాటిలో ఒకదానికి తోక పెద్దదిగా వస్తోంది. దానికి పేరేం పెట్టాలనే దాని మీద తరగతిలో ఇంకా తగువు తేలలేదు.